అడ్డపొగ పరీక్ష

నేను మూడు చోట్ల ఉద్యోగం చేశాను. చివరి రెండింటి గురించి ఎవరడిగినా ఉత్సాహంగా చెబుతాను. మొదటిదాని గురించి అడిగితే మాత్రం "చుట్టల కంపెనీలో గుమాస్తాని" అనేసి మాట మార్చేస్తాను. మా మనవలు "తాతా, నువ్వు చుట్టలు తాగి జీతం తీసుకున్నావటగా" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నిజానికి ఆ చుట్టలు నేను తాగలేదు. నా బదులు వేరేవాళ్లు తాగారు. ఆ సంగతి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటివాళ్లకి చెప్పాలని చాలాసార్లు కాగితం ముందేసుకున్నాను. ప్రతిసారీ కంపెనీ వర్ణన దాకా వచ్చి ఆపేశాను. ఈసారి ఆపను.

అరవైల చివరి ఏళ్లు. కంపెనీ అరసవల్లి దాటి గార వెళ్లే రోడ్డు పక్కన ఉండేది. కంపెనీ అంటే పెద్ద భవనం అనుకోకండి. పొడుగాటి పెంకుటిల్లు, వెనక ఆకు మగ్గబెట్టే గది, ముందు వసారా. వసారాలో ఆడవాళ్లు బారుగా కూర్చుని, ఒళ్లో చెక్కపలక పెట్టుకుని చుట్టలు చుట్టేవారు. ఏడాది పొడుగునా తయారయ్యేది మామూలు కట్ట చుట్ట. రైతులు, బళ్లు తోలేవాళ్లు, సంతకొచ్చేవాళ్లు కొనేవారు. దాని మీదే అందరం బతికేవాళ్లం.

షావుకారు పరువు మాత్రం దాని మీద లేదు. ఏడాదికొక్కసారి తయారయ్యే దసరా పెట్టె మీద ఉండేది. గోదావరి లంకల నుంచి ఏరి తెప్పించిన ఆకు పైకి, మన మెట్ట ఆకు లోపలికి. రెండూ వేసవంతా మగ్గాలి. ఆ ఏడు ఎంపికైన ఆకుతో ఎన్ని చుట్టలైతే అన్నే. పాత జమీందారీ ఇళ్లకీ, విశాఖ రేవులో ఓడల ఆఫీసర్లకీ, కొండల మీద తోటలు చేయించే దొరలకీ వెళ్లేవి. అయిపోయాక ఎంత పెద్దవాడు కబురు పెట్టినా షావుకారు లేదనేవాడు. ఆ లేదనడంలోనే దాని విలువంతా ఉందని ఆయన నమ్మకం.

దసరా పెట్టెలోకి ఏ కూర్పు వెళ్లాలో తేల్చడానికి ఒక పరీక్ష ఉండేది. రెండు రకాల ఆకు పాళ్లతో రెండు రకాల చుట్టలు చుట్టించి, వాటి ఘాటునీ కమ్మదనాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఇది మగవాళ్ల వల్ల అయ్యే పని కాదని మా దగ్గర అందరూ ఒప్పుకున్న మాట. మా వైపు ఆడవాళ్లు చుట్టని అడ్డపొగ తాగుతారు. అంటే నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూస్తారు. సముద్రపు గాలికి ఆరిపోకుండా, ఒళ్లో పిల్ల మీద నిప్పురవ్వ పడకుండా, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉండేలా ఎప్పుడో మొదలైన అలవాటు. మామూలుగా తాగే మనిషికి చుట్టలో లోపం సగం కాలాక తెలుస్తుంది. అడ్డపొగలో మొదటి పీల్పుకే తెలిసిపోతుంది. ఆకు సరిగా మగ్గకపోతే పచ్చి వగరు, ఈనె తీయకపోతే మాడు వాసన, నిప్పుతో పాటే అంగిలికి తగులుతాయి. "నిప్పు వైపు నిలిచిన సుట్ట, దొర నోట్లో ఎన్న" అనేవాడు మా ఆకు మేస్త్రి. ఆకుని తడిపి పదును పెట్టడం, మగ్గబెట్టడం, పాళ్లు కలపడం అంతా ఆ ముసలాయన చేతిలో ఉండేది.

పరీక్ష చేసే మనిషిని అందరం అప్ప అని, అంటే అక్క అని, పిలిచేవాళ్లం. సముద్రం ఒడ్డు పల్లె నుంచి పొద్దున్నే నడిచి వచ్చేది. నలభై దాటి ఉంటుంది. చేతిలో చుట్ట తిరుగుతుండగానే నోట్లో మాట తిరిగేది. చుట్ట ఎలా ఉందో చెప్పమంటే ఘాటు, కమ్మదనం అనే మాటలు వాడేదే కాదు.

"ఇది కొత్తల్లుడు బాబూ. మొదట్ల మర్యాద, ఎనకాల పెత్తనం," అనేది ఒకదాన్ని.

ఇంకోటి వెలిగించి, నాలుక మీద తిప్పి, కళ్లు సగం మూసి, "ఇది మాయత్త. తిట్టీసి, ఎనక్కొచ్చి అన్నవెట్టీసినట్టున్నాది" అనేది.

ఆ మాటలే నేను కొంచెం చదువుకున్న తెలుగులోకి మార్చి పెట్టెతో పాటు వెళ్లే చీటీ మీద రాసేవాణ్ని. "ఆరంభంలో సౌమ్యం, అంతంలో గంభీరం" అని. దొరలు అది చదివి తలలూపేవారట. అది ఒక మత్స్యకారుల ఆడది తన అల్లుణ్ని తిట్టిన తిట్టని వాళ్లకేం తెలుసు.

ఆమె భర్త తెప్ప మీద చేపల వేటకి వెళ్లేవాడు. చుట్ట గానీ బీడీ గానీ ముట్టని మనిషి. సాయంత్రం భార్యని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు వసారా బయట నిలబడి అందరికీ వినబడేలా అనేవాడు: "మా ఇంట్ల రెండు పొయ్యిలు బాబూ. ఒకటి వంటింట్ల, ఒకటి దీని నోట్ల. వంటింటిదే అప్పుడప్పుడు ఆరుతాది."

"ఆరితే ఆరింది గానీ, నువ్వు తెచ్చిన సేపకి రెండో పొయ్యి సాలు," అని ఆమె తిప్పికొట్టేది. వసారా అంతా నవ్వేది.

ఇప్పుడు నేను చెప్పడానికి జంకే మాట చెబుతాను.

పరీక్ష చేసే ఆడవాళ్లని ఎలా ఎంచేవాళ్లమో తెలుసా? నోరు తెరవమని, టార్చి వేసి, పైన అంగిలి చూసేవాళ్లం. ఏళ్ల తరబడి అడ్డపొగ తాగినవాళ్లకి అంగిలి తెల్లబడి, గట్టిపడి, అక్కడక్కడ చీమ కుట్టినట్టు ఎర్ర చుక్కలు పడతాయి. నాగలి పట్టిన అరచేతికి కాయ కాసినట్టే అంగిలికీ కాయ కాసిందనేవాళ్లం. కాయ కాసిన చెయ్యి పని తెలిసిన చెయ్యి కదా, కాయ కాసిన అంగిలీ పని తెలిసిన అంగిలే అని మా లెక్క. ఎంత తెల్లగా ఉంటే అంత మంచి నోరు. నాకు ముందున్న గుమాస్తా నాకు నేర్పాడు, నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. అప్ప అంగిలి లేత కొబ్బరిలా తెల్లగా ఉండేది. మొదటిసారి చూసినప్పుడు నాకెంత ఆనందం వేసిందో ఇప్పటికీ గుర్తుంది. గనిలో బంగారం కనబడ్డట్టు సంబరపడ్డాను. "భలే నోరప్పా నీది" అన్నాను. ఆమె సిగ్గుపడింది.

నేను చెప్పబోయే ఏడాది షావుకారు నన్ను పిలిచి, "ప్రతి ఏడూ మేస్త్రి కూర్పే ఎల్తన్నాది. ఈ ఏడు నువ్వూ ఒకటి కలుపు. రెండూ పోల్సి సూద్దాం. నెగ్గినదే పెట్టెలోకి" అన్నాడు. మామూలు గుమాస్తాకి అది చిన్న మాట కాదు. ఆ వేసవంతా మగ్గే గదిలోనే ఉన్నాను. లంక ఆకు వంతు పెంచి, మెట్ట ఆకు తగ్గించి, తాటిబెల్లం నీళ్లతో పదును పెట్టి, నా కూర్పు నేను తయారు చేసుకున్నాను. మేస్త్రి దూరం నుంచి చూస్తూ, "బాబు పాయసం వండతన్నాడా, సుట్ట సుడతన్నాడా?" అని ఆటపట్టించేవాడు. నాకు కోపం వచ్చేది. ఆయన అరవయ్యేళ్ల అనుభవం మీద గెలవాలని పట్టుదల పెరిగేది.

వర్షాలు మొదలయ్యాక అప్ప మాట తగ్గింది. మధ్యాహ్నం అంబలి తాగుతూ మొహం ముడుచుకునేది. పచ్చిమిరపకాయ కొరకడం మానేసింది. ఒకరోజు ఆమె భర్త నన్ను పక్కకి పిలిచాడు.

"బాబూ, దీనికి నోట్ల ఏటో పుండైనాది. ఎన్నాళ్లకీ మానతాలేదు. ముద్ద మింగినప్పుడల్లా కళ్లమ్మట నీళ్లు. నాను సెప్తే ఇనదు. నువ్వు సెప్పు, నీ మాటింటాది."

ఆమెని శ్రీకాకుళం ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. ఇది విని నన్ను మంచివాడనుకోకండి. పరీక్ష దగ్గరపడుతోంది. ఆమె రాకపోతే ఆ పని మేస్త్రి మరదలికి వెళుతుంది. ఆవిడ బావగారి చుట్టని ఎందుకు కాదంటుంది? నాకు అప్ప నోరు కావాలి. అది త్వరగా బాగుపడాలి. బస్సు ఎక్కించింది ఆ తొందరే.

డాక్టరు కృష్ణా జిల్లా వైపు మనిషి, వయసులో నాకంటే కొంచెం పెద్ద. అప్పని కిటికీ దగ్గర కూర్చోబెట్టి నోట్లోకి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని చూపించాడు. తెల్లటి అంగిలి వెనక భాగంలో ఎర్రగా, అంచులు లేచి, గట్టిగా ఒక పుండు.

"ఈ తెలుపు ఎన్నాళ్లుగా ఉంది?" అని అడిగాడు.

"ఎప్పటినుంచో ఉందండీ. అది మంచిదే. కాయ కాసిన అంగిలి. అందుకే ఈమెని పరీక్షకి ఎంచుకున్నాం," అన్నాను. ఆ అన్నదాంట్లో కొంచెం గర్వం కూడా ఉంది.

ఆయన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. కోపం కాదు. ఈ మనిషికి ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలా అన్న అలసట. అప్పని వరండాలో కూర్చోమని పంపి, తలుపు దగ్గరగా వేసి చెప్పాడు.

"ఆ తెలుపే జబ్బుకి మొదటి మెట్టు. మీ వైపు ఆడవాళ్లలో ఇది చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు మెట్లన్నీ దాటి పుండు దాకా వచ్చింది. ఇక్కడ చేసేదేమీ లేదు, వెంటనే విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. వెంటనే అంటే ఈ వారమే. ఇకమీదట ఆ నిప్పు ఆమె నోట్లోకి వెళ్లకూడదు. మీరు చదువుకున్నవారు, ఆవిడకీ ఇంట్లోవాళ్లకీ అర్థమయ్యేలా చెప్పండి."

రోగం పేరు కూడా చెప్పాడు. ఆ రోజుల్లో ఆ పేరు గట్టిగా పలికేవాళ్లం కాదు.

వరండాలోకి వచ్చాను. అప్ప బల్ల మీద ఒక మూలగా కూర్చుని, పక్కన ఏడుస్తున్న ఎవరి పిల్లనో ఆడిస్తోంది. నన్ను చూసి లేచింది.

"ఏటన్నాడు బాబూ?"

గది గుమ్మం నుంచి ఆ బల్ల దాకా ఎంత దూరం ఉంటుంది! అంతలోనే నేను అన్నీ ఆలోచించేశాను. విశాఖ వెళితే నెలల తరబడి రాదు. ఈ ఏడు పోతే షావుకారు మళ్లీ నాకు అవకాశం ఇవ్వడు. ఇన్నాళ్లు ఉన్న పుండు ఇంకొన్నాళ్లు ఉంటే ఏమవుతుంది. డాక్టర్లు కాస్త ఎక్కువ చేసి చెప్పడం మామూలే. ఒక మనిషి తనకి కావలసిన అబద్ధాన్ని ఎంత త్వరగా తయారు చేసుకుంటాడో నాకు ఆ రోజు తెలిసి ఉండాల్సింది.

"వేడి చేసిందన్నాడప్పా. మందు రాసుకోమన్నాడు. దసరా వెళ్లగానే ఒకసారి విశాఖలో చూపించమన్నాడు."

ఆమె మొహంలో భారం దిగిపోవడం కళ్లారా చూశాను. "ఏడి సెయ్యక సల్లదనం సేస్తాదా నాయినా, నమిలేది నిప్పు కదా," అని నవ్వింది. "నానింకా ఏటో అనీసుకుని బెంగెట్టుకున్నాను."

తిరుగు ప్రయాణంలో నాకు వేరుశనక్కాయలు కొనిపెట్టింది. తను తినలేదు.

పరీక్ష రోజు వచ్చింది. ఎప్పటిలాగే పొద్దున్నే, ఎవరి నోట్లోనూ పచ్చడీ కారమూ పడకముందే. షావుకారు కుర్చీలో, మేస్త్రి గుంజకి ఆనుకుని, నేను ఎదురుగా. పళ్లెంలో రెండు రకాల చుట్టలు. మేస్త్రివాటికి తెల్ల దారం, నావాటికి ఎర్ర దారం. ఏది ఎవరిదో పరీక్ష చేసేవాళ్లకి చెప్పకూడదని నియమం. పుక్కిలించడానికి నీళ్లు, మధ్యలో నోరు శుభ్రం కావడానికి మరమరాలు.

అప్ప తెల్ల దారం చుట్ట వెలిగించింది. రెండు దమ్ములు మామూలుగా లాగి, నిప్పు వైపు లోపలికి తిప్పి పెదాలు మూసింది. అంతవరకూ ఎప్పటిలాగే ఉంది. ఆ తర్వాత ఆమె కళ్లలోంచి నీళ్లు ధారగా కారడం మొదలైంది. చుట్ట తీయలేదు. నాలుకతో తిప్పుతూ, బుగ్గలు పీలుస్తూ, పొగ వదులుతూ ఉంది. మేస్త్రి ఒక అడుగు ముందుకి వేసి ఆగాడు.

"ఏలప్పా, కళ్లు అలగ కారతన్నాయేటి?" అన్నాడు షావుకారు.

ఆమె చెయ్యి ఊపింది, ఏం లేదన్నట్టు. నీళ్లు పుక్కిలించి, నాలుగు మరమరాలు నోట్లో వేసుకుని, నమలకుండానే ఊసేసింది. ఎర్ర దారం చుట్ట అందుకుంది.

అది అడ్డపొగ తిప్పిన కాసేపటికి వసారాలోకి ఒక వాసన వచ్చింది. మాడు వాసన. ఈనె కాలుతున్న వాసన. లోపలి ఆకు ఈనెలు తీసే పనిలో చివర్లో నేను తొందరపెట్టాను. ఎక్కడో ఉండిపోయాయి. నాకు తెలిసింది. మేస్త్రికి తెలిసింది. ఆయన ముక్కు ఎగబీల్చి నా వైపు చూశాడు. ఆ నిప్పునే నోట్లో పెట్టుకున్న మనిషికి మాత్రం తెలియలేదు.

"సెప్పప్పా," అన్నాడు షావుకారు.

అప్ప ఇంకెవరి వైపూ చూడకుండా నా వైపు చూసింది. ఒకసారి తెల్ల దారం మీద చెయ్యి పెట్టి చూసింది. మళ్లీ ఎర్ర దారం మీద పెట్టి చూసింది. నా మొహంలో ఏమి కదిలిందో నాకు తెలియదు. ఏదో కదిలే ఉంటుంది.

"ఎర్ర దారందే బావుందండి."

"ఎలగ బావుంది?"

"ఘాటు బావుంది. కమ్మగున్నాది."

అల్లుడు లేడు, అత్త లేదు. ఏ చుట్టకైనా ఎవరైనా చెప్పగల మాట. మేస్త్రి ఉండబట్టలేక, "ఓలప్పా, సూసి సెప్పు! ఈనె మాడిన కంపు నాకిక్కడికే వస్తన్నాది, నీ నోట్ల ఉన్నదాన్ని నీకు తెలీదేటి?" అన్నాడు.

ఆమె తల దించుకుంది.

షావుకారుది ఎప్పుడూ జలుబు పట్టిన ముక్కు, ఆ వాసన ఆయనకి అందలేదు. ఆయన నియమం ఒక్కటే, పరీక్ష చేసిన నోటిదే మాట. "ఏటయ్యా, నువ్వేటంటావు?" అని నన్ను అడిగాడు.

చూడండి, అది ఇంకో గుమ్మం. మాడు వాసన నిజమేనని నేను ఒక్క మాట అంటే పరీక్ష ఆగిపోయేది. ఆమె నోరు పోయిందని అందరికీ తెలిసేది. ఆ సాయంత్రమే ఎవరో ఒకరు విశాఖ బండి ఎక్కించేవారు.

"మేస్త్రి గారికి తన చుట్ట మీద అభిమానం ఉంటుంది కదండీ," అన్నాను.

నేను గెలిచాను. మేస్త్రి కండువా దులుపుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాతో పని మాటలే మాట్లాడాడు.

అందరూ వెళ్లాక అప్ప నా బల్ల దగ్గరికి వచ్చింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పింది.

"బాబూ, నాకేటీ తెలీలేదు. రెండూ ఎండుగడ్డి లాగే ఉన్నాయి. నీ మొకం సూసి సెప్పీసినాను. తప్పైతే షావుకారికి సెప్పీ నాయినా, నాను తిట్లు తింటాను."

"తప్పేం లేదప్పా. సరిగ్గానే చెప్పావు," అన్నాను.

ఆమె తేలికపడి వెళ్లిపోయింది. నేను రెండోసారి ఆమెకి తేలిక చేసి పంపాను.

దసరా పెట్టెలు రంగు కాగితాల్లో వెళ్లాయి. నేను రోజూ టపా కోసం ఎదురుచూశాను, ఎవరైనా మాడు వాసన అని రాస్తారేమోనని. ఎవరూ రాయలేదు. జమీందారీ ఇళ్లలోనూ, ఓడల మీదా, తోటల బంగళాల్లోనూ ఆ చుట్టలు కాల్చేశారు. ఎప్పటిలాగే బాగున్నాయని కబురొచ్చింది. మేస్త్రి కూర్పు వెళ్లినా అదే కబురు వచ్చేది. ఏదో ఒక కట్ట చుట్టకి అదే కాగితం చుట్టి పంపినా అదే వచ్చేదేమో. నేను ఒక మనిషి రోజుల్ని తీసుకుని కొన్న గెలుపు అది.

దసరా వెళ్లింది. పని తెమలలేదని నేను గుర్తు చేయలేదు. సముద్రంలో చేప బాగా పడుతోందని ఆమె భర్త ఇంకొన్నాళ్లు ఆగాడు. దీపావళి ముందు విశాఖ వెళ్లారు. అక్కడ అంగిలి సగం కోసేశారని తెలిసింది. మిగతాది కోసి లాభం లేదన్నారని కూడా తెలిసింది.

నేను షావుకారు దగ్గరికి వెళ్లి, డాక్టరు తెల్ల అంగిలి గురించి చెప్పిన మాట చెప్పాను. అందులో కూడా కొంతే చెప్పాను, ఎప్పుడు చెప్పాడన్నది మింగేశాను. ఆయన, "మాయమ్మ ముసిలిదై పోయేదాకా అడ్డపొగే తాగినాది. దానికేటైనాది? ఎవుల రాత ఆల్ది," అన్నాడు. మరుసటి ఏడు పరీక్షకి ఇంకో ఆడమనిషిని ఎంచడానికి టార్చి ఇచ్చి నన్నే పంపాడు. నేను వెళ్లాను. ఆమె నోరు తెరిచింది. తెల్లగా ఉంది. "నీ నోరు పనికి రాదు, చుట్ట మానెయ్యి" అన్నాను. ఆమెకి పని పోయిందని ఏడ్చింది, నన్ను తిట్టింది. నా ఉద్యోగ జీవితంలో నేను తిన్న తిట్లలో న్యాయంగా సంపాదించుకోనివి అవే. ఆ తర్వాత కొద్ది నెలలకే ఆ కంపెనీ వదిలేశాను. పరీక్ష మాత్రం ఆగలేదని విన్నాను.

మధ్యలో ఒక సంగతి దాటేశాను. అది చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

విశాఖ నుంచి తిరిగొచ్చాక అప్పని చూడటానికి వాళ్ల పల్లె వెళ్లాను. నిజం చెప్పెయ్యాలనే వెళ్లాను. ఇసుకలో నడుస్తూ మాటలు కూర్చుకున్నాను. ఆమె చూరు కింద నులకమంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. సగానికి సగమైపోయింది. నన్ను చూడగానే పైటతో నోరు మూసుకుంది. ఏదో అంది. గాలి ముక్కులోంచి పోయి మాట కావడం లేదు. నాకు అర్థం కాలేదు.

"నువ్వు సిక్కిపోనావంతంది బాబూ," అని ఆమె భర్త చెప్పాడు. పీట వేసి కూర్చోమన్నాడు. తను నేల మీద కూర్చున్నాడు. ఆ మనిషి నోట్లో ఒక్క హాస్యం లేదు.

నేను నోరు విప్పేలోపే ఆయన మొదలుపెట్టాడు.

"నువ్వే నేకపోతే దీన్ని డాక్టరు మొకం సూపించేవోడెవడు బాబూ. నీ రునం ఉంచుకోను. తప్పంతా నాదే. దసరా ఎల్లగానే తీస్కురమ్మన్నాడంట కదా ఆ డాక్టరు. నానే, సేప పడతన్నాదని ఇంకో పది రోజులాగినాను. విశాఖల పెద్ద డాక్టరు అడిగినాడు, ఇన్నాళ్లేటి సేసినారని. ఏటి సెప్తాను? ఆ పది రోజులే దీని పేణం తీస్తన్నాయి బాబూ. నానే తీస్తన్నాను."

మంచం మీద నుంచి ఆమె చెయ్యి సాచి ఆయన భుజం మీద కొట్టింది, ఊరుకో అన్నట్టు. ఆయన ఊరుకోలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అదే మాట మళ్లీ అన్నాడు, పది రోజులు, పది రోజులు అని.

ఆ పది రోజులకి ముందు నేను దాచిన రోజులున్నాయి. ఆ మాట నా నాలుక చివర ఉంది. చెబితే ఆయన నన్ను కొట్టేవాడేమో. కొట్టినా, తన నెత్తిన పెట్టుకున్నది దించుకునేవాడు. అప్ప నా మొహంలోకి చూస్తోంది. పరీక్ష రోజు చూసినట్టే చూస్తోంది, నేను ఏమనుకుంటున్నానో చదవడానికి.

"ఊరుకో బావా, నువ్వేం చేస్తావు. అంతా దైవాధీనం," అన్నాను.

లేచి బయల్దేరాను. అప్ప భర్తకి ఏదో సైగ చేసింది. ఆయన లోపలికి వెళ్లి, ఆ పొద్దున్నే తెచ్చిన వంజరం చేప తాటాకులో చుట్టి నా చేతిలో పెట్టాడు. వద్దన్నాను. "అది ఇమ్మంతన్నాది బాబూ, తీస్కో" అన్నాడు. తీసుకున్నాను.

రథసప్తమి లోపే ఆమె పోయింది. ఆయన ఆ తర్వాత ఒడిశా తీరం వైపు వేటకి వెళ్లిపోయాడని ఎవరో చెప్పారు. వెతికితే దొరికేవాడు. నేను వెతకలేదు. ఈ పాటికి ఆయన కూడా ఉండి ఉండడు. ఆ పది రోజులూ తనవే అనుకుంటూ పోయి ఉంటాడు.

ఆ చేపని ఆ రోజు ఇంటికి తెచ్చి, పులుసు పెట్టించాను. మా అమ్మ వడ్డించింది. ఎక్కడిదిరా ఇంత తాజాగా ఉంది అని అడిగింది. ఎవరో తెలిసినవాళ్లు ఇచ్చారన్నాను. మీరు నమ్ముతారో లేదో, ముద్ద దిగకపోవడం లాంటిదేమీ జరగలేదు. చాలా రుచిగా ఉంది. ఇంకో ముక్క వేయించుకుని తిన్నాను.